సత్తిరాజు పెరట్లో తాటిదూలం

నేను ఒక తాటిదూలాన్ని. పన్నెండడుగుల పొడవు, జానెడు మందం, ఒంటినిండా నల్లటి చారలు. ప్రస్తుతం కోనసీమలో చింతగరువు అనే ఊళ్ళో, సత్తిరాజు అనే ఆయన పెరట్లో, పల్లాలమ్మ అనే ఆవిడ పనసచెట్టు కింద నిలబడి ఉన్నాను. పెరడు ఒకరిది, చెట్టు ఇంకొకరిది. నేను ఎవరి సొత్తో ఇంతవరకూ తేలలేదు. తేల్చమని నేనూ అడగలేదు. అడిగితే పంచాయితీ పెడతారు, పంచాయితీ పెడితే నన్ను నిలువునా రెండు చేసి చెరో ముక్కా ఇస్తారు. మనుషుల న్యాయం నేను ఎరగనిది కాదు.

పుట్టింది చేలగట్టు మీద. కాయలు కాయని పోతుతాడిని. కల్లు మాత్రం ధారాళంగా ఇచ్చేవాణ్ణి. నా మొదట్లో కూర్చుని తాగినవాళ్ళందరూ ఊరిని బాగుచేసే ఉపాయాలు చెప్పుకునేవారు. ఇంటికి చేరేలోపు మరిచిపోయేవారు. ఊరికి అదే మంచిదయింది. ఒకరోజు ఒకాయన వచ్చి గొడ్డలి తిరగేసి నా ఒంటిమీద టకటకా కొట్టి, "చేవ ఉందిరోయ్" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని పొంగిపోయాను. మర్నాడు నరికేశారు. అప్పటినుంచీ నన్నెవరైనా మెచ్చుకుంటే భయం.

కోసి, చెక్కి, రామభజన మందిరం పైకప్పుకి దూలంగా ఎక్కించారు. దేవుడికి సరిగ్గా నెత్తిమీద ముప్పై ఏళ్ళు ఉన్నాను. అక్కడ నేను విన్న భజనలకంటే చాడీలే ఎక్కువ. దేవుడు కూడా వాటినే శ్రద్ధగా వినేవాడని నా అనుమానం. భజన మొదలుపెట్టగానే దీపం కొండెక్కేది, చాడీలప్పుడు నిక్షేపంగా వెలిగేది. తరవాత మందిరానికి శ్లాబు పోశారు. నన్ను కిందికి దించి, ఊరవతల పొలాలకి నీళ్ళు పారే పంటబోదె మీద అడ్డంగా వేసి, వంతెన అన్నారు. మందిరంలో నావైపు తలెత్తి దణ్ణాలు పెట్టినవాళ్ళే ఇక్కడ నన్ను తొక్కుకుంటూ పోయారు. పదేళ్ళు తొక్కారు. మనుషులు బోదెలో పడ్డప్పుడల్లా తాగినవాణ్ణి వదిలేసి దూలాన్ని తిట్టారు.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. దానికేదో ముద్దుపేరు కూడా పెట్టారు, పసిబిడ్డకి పెట్టినట్టు. ఆ ముద్దుబిడ్డ రెండు రోజులు ఊరిని ఊపేసింది. బోదె పొంగి నన్ను లేవదీసుకుపోయింది. కొబ్బరితోటలు దాటి, గొడ్లసావిళ్ళు దాటి, చివరికి ఓ తాటాకు దడిని పొడుచుకుని ఆగాను. నా తల ఒకరి పెరట్లో ఉంది, కాళ్ళు ఇంకొకరి పెరట్లో ఉన్నాయి. తెల్లారి వాన తగ్గాక చూస్తే తలవైపు పెరడు పల్లాలమ్మది, కాళ్ళవైపు పెరడు సత్తిరాజుది. పల్లాలమ్మ పనసచెట్టు మాత్రం తనది కాని పెరటివైపుకి, తాగినవాడు పక్కవాడి భుజమ్మీదికి ఒరిగినట్టు ఒరిగి ఉంది.

వీళ్ళ సంగతి చెప్పాలి. పల్లాలమ్మకి యాభై అయిదేళ్ళుంటాయి. మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో పనసపొట్టు కొట్టడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. లేత పనసకాయ తొక్క తీసి, చేతులకి నూనె రాసుకుని, చెక్కమీద పెట్టి కత్తితో టకటకా కొట్టిందంటే పొట్టు కొబ్బరికోరులా రాలేది. మావైపు పొట్టుకూర లేకుండా పెళ్ళి జరిగితే, ఆ పెళ్ళి జరిగినట్టు ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి పెళ్ళిళ్ళ కాలమంతా ఆవిడకి పని ఉండేది. కాయలు ఈ చెట్టువే. ఆవిడకి పొలమన్నా, తోటన్నా ఆ ఒక్క చెట్టే.

సత్తిరాజు ఊళ్ళో పిండిమర ఆడిస్తాడు. తల, మీసం, కనుబొమలు ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. అందులో వయసెంతో, గోధుమపిండెంతో చెప్పడం కష్టం. వరసకి పల్లాలమ్మ ఆయనకి వదిన. ఎనిమిదేళ్ళ కిందట ఆయన కూతురి పెళ్ళికి ఈవిడే పొట్టు కొట్టింది. భోజనాల దగ్గర మగపెళ్ళివారి పెద్దాయన పంటికింద గాజుముక్క తగిలింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని పందిరంతా తిరిగి చూపించాడు. వెతికితే పందిట్లో రెండొందల చేతులకి గాజులున్నాయి. సత్తిరాజు మాత్రం వియ్యాలవారి ముందు పరువు నిలబెట్టుకోవాలని, "కళ్ళు ఇంటిదగ్గర మర్చిపోయొచ్చి కొట్టేవా?" అని పదిమందిలో అరిచాడు. పల్లాలమ్మ మారుమాట అనకుండా చెక్కా కత్తీ చంకన పెట్టుకుని, అన్నం తినకుండా వెళ్ళిపోయింది. అంతే. మధ్యలో దడి లేచింది. ఎనిమిదేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. అంటే మాట్లాడుకోకుండా ఉండలేదు, అది వేరు. ఆయన తన గేదెతో చెప్పేవాడు, ఆవిడ తన కోడిపెట్టతో చెప్పేది. ఎవరికి వినపడాలో వాళ్ళకి వినపడేది.

ఆ ఉదయం కూడా అదే జరిగింది.

"చూశావే గేదే," అన్నాడు సత్తిరాజు, గొంతు పెంచి. "ఎవరిదో చెట్టు మన వంటింటిమీదికి ఒరిగింది. ఇయ్యాలో రేపో కూలుద్ది. ఆళ్ళు నరికించుకుంటారా, నన్నే నరికించమంటారా, అడుగు."

గేదె అడగలేదు. అవతలనుంచి జవాబు మాత్రం వచ్చింది.

"ఏమే పెట్టా, ఇన్నేళ్ళూ ఆ చెట్టు నీడలో పడక్కుర్చీ ఏసుకుని గురకలు పెట్టినోళ్ళకి, ఇయ్యాల అది బరువైపోయిందంటే!"

అది నిజం. సత్తిరాజు మధ్యాహ్నం నిద్ర ఆ నీడలోనే. కాన్వాసు గుడ్డ పడక్కుర్చీ ఒకటి ఆయనకి ప్రాణం.

ఆ పూటే పల్లాలమ్మ ఏసుబాబుని పిలిపించింది. ఏసుబాబు దింపు తీస్తాడు, అంటే కొబ్బరిచెట్లెక్కి కాయలు దించుతాడు. ఊళ్ళో చెట్ల నాడి చూడగలిగినవాడు అతనే. చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, లేచిపోయిన మట్టిలో చెయ్యిపెట్టి తడిమి చూశాడు.

"పడమరపక్క పెద్ద ఏళ్ళు రెండు ఇంకా పట్టునే ఉన్నాయండి," అన్నాడు. "ఒరిగినవైపు కొమ్మలు కొట్టి బరువు తగ్గించి, ఏళ్ళమీద మట్టెక్కించి, కింద ఓ గట్టి ఊత పెడితే బతుకుద్దండి, ఆయ్. ఊతకి ఎతుక్కోనక్కర్లేదు. తుఫానే తెచ్చి పడేసింది." అంటూ నావైపు చూశాడు. దగ్గరికొచ్చి కత్తి తిరగేసి నా ఒంటిమీద కొట్టి, "మాంచి చేవండి" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది.

"ఎక్కడ పెట్టాలి ఊత?" అంది పల్లాలమ్మ.

ఏసుబాబు ఒరిగిన మొదలుకేసి చూసి, కొలుచుకుని, దడి అవతలికి చెయ్యి చాపాడు. సరిగ్గా సత్తిరాజు పడక్కుర్చీ ఉన్న చోటు.

అవతల సత్తిరాజు మాట్లాడాడు, గేదెతో.

"నా గడ్డమీద ఇంకోళ్ళ కర్ర దిగితే నేను మీసం తీసేత్తానని చెప్పవే. బేస్తారం రంపం మిషనోడు వత్తన్నాడు. మొదలుకంటా కోయించేత్తన్నాను."

అప్పటికి ఆదివారం. బేస్తారం, అంటే గురువారానికి నాలుగు రోజులు గడువు.

సత్తిరాజు భార్య అచ్చియ్యమ్మ ఈ ఎనిమిదేళ్ళూ ఎవరి పక్షాన్నీ మాట్లాడలేదు. దడిలో ఓ తాటాకు పక్కకి జరిపి, ఆ కంతలోంచి కూరగిన్నెలు అటూ ఇటూ అందించేది. సత్తిరాజు ఆ కూరలు లొట్టలేసుకుంటూ తినేవాడు. ఎవరు వండారో ఆయన అడగలేదు, తెలియక కాదు. ఆ మధ్యాహ్నం అచ్చియ్యమ్మ కంత దగ్గర కూర్చుంది.

"ఒక్కమాట అడగక్కా. నీ నోటితో అడిగితే కాదనడు. మొండోడేగానీ చెడ్డోడు కాదు."

"నేనడిగితే నా చెట్టు నిలబడుద్ది, అచ్చియ్యా. నేను పడిపోతాను," అంది పల్లాలమ్మ.

"బాగానే ఉంది. ఆయన మీసం కోసం ఆయన నిలబడతాడు, పంతం కోసం నువ్వు నిలబడతావు. చెట్టొచ్చి వంటింట్లో ఉన్న నామీద పడుద్ది."

పల్లాలమ్మ తలొంచుకుంది. కానీ అడగలేదు. మనుషులకి వెన్నెముక అని ఒకటి ఉందట. నాకు తెలిసినంతలో అది అవసరమైనచోట తప్ప అన్నిచోట్లా గట్టిగా ఉంటుంది.

అడగకపోయినా పనిమాత్రం ఆపలేదు. ఏసుబాబు పల్లాలమ్మ పెరట్లోంచే చెట్టెక్కి, ఒరిగినవైపు చిన్న కొమ్మలు కొట్టి తాళ్ళతో దించాడు. పల్లాలమ్మ తట్టలతో మట్టి మోసి వేళ్ళమీద పోసింది. సాయంత్రాలు ఏసుబాబు నన్ను పల్లాలమ్మ పెరట్లోకి లాక్కుని, నా తలమీద పంగలా గాడి కోశాడు. చెట్టు మొదలు కూర్చోడానికి. "పెట్టే చోటు లేనప్పుడు గాడెందుకు?" అంది పల్లాలమ్మ. "ఎందుకైనా మంచిదండి," అన్నాడు. ఆ ఊళ్ళో నేను విన్న తెలివైన మాటల్లో అదొకటి. మిగతావి గుర్తులేవు, ఉంటే కదా.

బుధవారం మళ్ళీ ముసురు పట్టింది. బంగాళాఖాతంలో ఇంకో అల్పపీడనమట. కరెంటు పోయి మర ఆగింది, సత్తిరాజు ఇంటి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అచ్చియ్యమ్మ వంటింట్లో చేపల పులుసు పెడుతోంది. పల్లాలమ్మ, ఏసుబాబు ఇవతల మట్టి తొక్కుతున్నారు. మూడు గంటల వేళ ఒక్క పెద్ద గాలి వచ్చింది. నేలలోంచి ఫట్‌మని చప్పుడైంది. ఉన్న రెండు పెద్ద వేళ్ళలో ఒకటి తెగింది.

చెట్టు మూడడుగులు జారింది. కొట్టకుండా మిగిలిన పెద్ద కొమ్మ వంటింటి పెంకుల్లో దిగబడింది. పెంకులు జలజల రాలాయి. ఇంకో కొమ్మ వచ్చి వంటింటి గుమ్మానికి అడ్డంగా పడింది. లోపలనుంచి అచ్చియ్యమ్మ కేక ఒకటి వినపడి ఆగిపోయింది.

సత్తిరాజు అరుగుమీంచి దూకాడు. ఆ వయసులో ఆయన అంత దూకగలడని ఆయనకే తెలియదు. గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు, దారి లేదు. వెనక్కి తిరిగి, ఒరిగిన చెట్టు మొదలుకింద దూరి, భుజం ఆనించి, కాళ్ళు బురదలో తన్నిపెట్టి నిలబడ్డాడు. ముఖం కందిపోయింది. అప్పుడు నోరు తెరిచాడు. గేదెని పిలవలేదు.

"వదినా! వదినోయ్! దూలం పట్రా!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ చెట్టుని ఆపింది సత్తిరాజు భుజం కాదు. పైన పనసకొమ్మ పక్కనున్న కొబ్బరిచెట్టుకి తట్టుకుని ఆగింది. పిండి బస్తా ఎత్తాలంటే ఇద్దర్ని కేకేసే మనిషి పనసచెట్టునేం మోస్తాడు? నేను కింద పడుకుని ఉన్నాను గనక నాకు కనపడింది. కానీ అలా నిలబడ్డంతసేపూ ఆయన మోస్తున్నాననే అనుకున్నాడు, వదిలితే పెళ్ళాం చచ్చిపోతుందనే అనుకున్నాడు, వదల్లేదు. కొబ్బరిచెట్టు సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పల్లాలమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా తలవైపు ఆవిడ, కాళ్ళవైపు ఏసుబాబు పట్టుకుని లేపారు. దడిని తొక్కేసుకుంటూ వచ్చారు. ఎనిమిదేళ్ళ దడి పెళపెళమని రెండడుగుల్లో పోయింది. పడక్కుర్చీని ఏసుబాబు కాలితో తన్నేశాడు.

"కింద బురదండి! దూలం దిగబడిపోద్ది, అడుగున ఏదన్నా గట్టిది కావాలండి!" అని అరిచాడు.

పల్లాలమ్మ ఇంట్లోకి పరిగెత్తి, పొట్టు కొట్టే చెక్క తెచ్చి బురదలో పడేసింది. ఇరవయ్యేళ్ళుగా ఆవిడకి కూడుపెట్టిన చెక్క. దానిమీద నా కాళ్ళు దింపారు.

"పైన మెత్తగా ఏదన్నా పెట్టాలండి, లేపోతే బెరడు చితికిపోద్ది!"

ఈసారి సత్తిరాజే అరిచాడు, చెట్టుకిందనుంచి. "కుర్చీ గుడ్డ! నా కుర్చీ గుడ్డ చింపండెహె!"

చింపారు. నాలుగు మడతలు వేసి గాడిలో పెట్టారు. ఏసుబాబు గునపం వేసి చెట్టుని జానెడు పైకెత్తాడు, పల్లాలమ్మ సమ్మెటతో నా పాదాన్ని లోపలికి కొట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకి గాడిలో చెట్టు కూర్చుంది. ఆ బరువు నా నెత్తిమీదికి దిగినప్పుడు నాకు గుళ్ళో దేవుడూ గుర్తురాలేదు, గట్టుమీద కల్లూ గుర్తురాలేదు. పగలకూడదు, అంతే అనుకున్నాను. ఎక్కడో ఒక చిన్న చీలిక పలికింది. నిలబడ్డాను.

ఏసుబాబు గుమ్మానికి అడ్డమున్న కొమ్మ నరికాడు. అచ్చియ్యమ్మ బయటికొచ్చింది. నెత్తినిండా పెంకుల ధూళి, చేతిలో గరిటె. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు.

"పులుసులో పెంకు పడింది," అంది. తరవాత అందరికేసీ చూసి, పడిపోయిన దడికేసి చూసి, "ఓరి మీ పంతాలు పాడుగాను! కొంప కూలితేగానీ పక్కోళ్ళు గుర్తుకి రాలేదా మీకు!" అని కూలబడి ఏడ్చేసింది.

సత్తిరాజు ఇంకా చెట్టుకిందే ఉన్నాడు.

"వదిలెయ్యొచ్చండి," అన్నాడు ఏసుబాబు.

"నిజంగా వదిలెయ్యొచ్చా?"

"దూలం మోత్తందండి. రండి."

రాబోయాడు. రాలేకపోయాడు. చిట్లిన బెరడులోంచి కారిన పనసజిగురు చొక్కానీ, చొక్కాకింద తోలునీ కలిపి చెట్టుకి అతికించేసింది. ఆయన గింజుకోబోతే పల్లాలమ్మ గద్దించింది.

"కదలకు! లాగితే తోలూడుద్ది. అచ్చియ్యా, నూనె తే!"

పనసజిగురు సంగతి ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? చేతినిండా నూనె పోసుకుని, భుజం చుట్టూ అంగుళం అంగుళం రాసి, మెల్లగా ఊడదీసింది. చొక్కా సగం చెట్టుకే ఉండిపోయింది. భుజం దోక్కుపోయి ఎర్రగా ఉంది. ఆఖర్న ఆయనే అన్నాడు.

"ఆరోజు నేనలా అనకుండా ఉండాల్సింది వదినా. పెళ్ళోరు చూత్తన్నారని..."

"అన్నం తినకుండా ఎల్లిపోయేను మరిదీ. ఈధి చివరిదాకా మెల్లగా నడిచేను. ఎవరన్నా ఎనక్కి పిలుత్తారేమో అని."

సత్తిరాజు తల ఎత్తలేదు. "వచ్చేను. పందిరి గుంజదాకా వచ్చేను. వియ్యంకుడు చూత్తన్నాడని ఆగిపోయేను," అన్నాడు.

వాన కురుస్తూనే ఉంది. ఆ సాయంత్రం పెంకు తీసేసిన పులుసు నలుగురూ అరుగుమీద కూర్చుని తిన్నారు. ఏసుబాబు ఇబ్బందిపడి అరుగు దిగువన కూర్చోబోతే అచ్చియ్యమ్మ రెక్క పట్టుకుని పైకి లాగింది. మీసం ప్రసక్తి ఎవరూ తేలేదు.

మర్నాడు రంపం మిషనువాడు వచ్చాడు. "చెట్టేదండి?" అన్నాడు. "ఏ చెట్టు?" అన్నారు వదినా మరిదీ ఒకేసారి.

దడి మళ్ళీ కట్టలేదు. గేదెకీ పెట్టకీ పని తప్పింది. వాటికేమన్నా బెంగపట్టిందేమో తెలియదు. పల్లాలమ్మ కొత్త చెక్క చేయించుకుంది. అది పాతదానంత బాగాలేదని ఇప్పటికీ సణుగుతుంది. సత్తిరాజు పడక్కుర్చీకి నైలాను అల్లిక వేయించాడు. పడుకుని లేస్తే వీపుమీద గళ్ళు పడుతున్నాయట. పల్లాలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి నన్ను తట్టి చూసేది. చెదలు పట్టకుండా నా పాదానికి సత్తిరాజు మరలోంచి తెచ్చిన మడ్డినూనె పూసేది. పూయడం నిమిషం పని. ఆవిడ గంటసేపు ఉండేది. అచ్చియ్యమ్మ కాఫీ ఇచ్చేది, సత్తిరాజు పేపర్లో వార్తలు తప్పులతో చదివి వినిపించేవాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. చెట్టు చావకపోగా మొదలంతా కాయలు దిగాయి. మొన్న ఏసుబాబు దింపుకని వచ్చి నాదగ్గర ఆగాడు. కిందా పైనా చూసి, ఓ కొబ్బరీనె తీసి, నా గాడికీ చెట్టుకీ మధ్యన పెట్టాడు. ఈనె ఇటునుంచి దూరి అటు వచ్చింది.

"కొత్త ఏళ్ళు ఊనుకున్నాయండి," అన్నాడు సంతోషంగా. "చెట్టు దానంతటదే నిలబడింది. దూలం ఇంకేం మొయ్యట్లేదండి. తీసేత్తే మీ పెరడు మీకు కలిసొత్తది, ఆయ్."

అచ్చియ్యమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది. పల్లాలమ్మ చేతిలోని మడ్డినూనె డబ్బాకేసి చూసుకుంది. ఇంత శుభవార్తకి ఈ మొహాలేమిటో ఏసుబాబుకి అర్థం కాలేదు.

"ఈనె దూరితే సరిపోద్దా?" అన్నాడు సత్తిరాజు చివరికి, పేపరు మడిచి. "ఏనుగు దూరాలి. అప్పుడు చూద్దాం. నువ్వెళ్ళి నీ కాయలు దింపుకో."

ఇవాళ పొద్దున్న, ఇంకా ఎవరూ లేవకముందే, సత్తిరాజు ఒక్కడూ సుత్తి పట్టుకుని వచ్చాడు. రెండో చేతిలో పలచటి చెక్కపేడు ఉంది. అటూ ఇటూ చూశాడు. స్టూలు వేసుకుని ఎక్కి, ఆ పేడుని నాకూ చెట్టుకీ మధ్యనున్న సందులో పెట్టి, చప్పుడు కాకుండా కొట్టడం మొదలుపెట్టాడు. సుత్తితో చప్పుడు కాకుండా కొట్టడం ఎలాగో మనుషులకే తెలియాలి.

పల్లాలమ్మ వెనక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఆయన చూసుకోలేదు.

"ఏంటి మరిదీ, చేత్తన్నావు?"

సత్తిరాజు ఉలిక్కిపడ్డాడు. సుత్తి వెనక దాచుకున్నాడు. పేడు మాత్రం సందులో కనపడుతూనే ఉంది.

"ఏంలేదు వదినా. వదులైందన్నాడు కదా. బిగిత్తన్నాను."

పల్లాలమ్మ దగ్గరికొచ్చి పేడుని వేలితో కదిపి చూసింది. కదిలింది.

"ఊగుతోంది," అంది. నూనె డబ్బా కింద పెట్టి స్టూలు కదలకుండా పట్టుకుంది. "ఇంకో రెండు దెబ్బలు గట్టిగా కొట్టు."